నవరాత్రుల్లో ఎనిమిది రాత్రులు చీకట్లో గడపడం ఎట్లా?

ఈసారి వినాయక చవితికి మండపం ముందు పిక్సెల్ లైట్ల బోర్డు పెట్టాలని మీ యూత్ తీర్మానించిందా? శుభం. అయితే ఒక ప్రమాదం ఉంది. ఓపికగా పని చేసే పిల్లగాడు మీ గల్లీలో ఒక్కడున్నా, ఆ బోర్డు మొదటి రోజు నుంచి నిమజ్జనం దాకా ఆరకుండా వెలుగుతుంది. అప్పుడు అర్ధరాత్రి నిచ్చెన ఎక్కేవాడుండడు. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి తిట్టేవాడుండడు. పక్క బస్తీవాళ్లు వచ్చి "ఏమైందే, బుగ్గలు కాలిపోయినయా?" అని పరామర్శించే అవకాశమే ఉండదు. పండుగ చప్పగా గడిచిపోతుంది.

అట్లా కాకుండా చూసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి. కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెనను 2023 జూన్‌లో రంగురంగుల లైట్లతో తెరిచినప్పటి నుంచి, ప్రతి గల్లీకీ తన సొంత వంతెనంత వెలుగు కావాలనిపిస్తోందని నా అనుమానం. ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల, ఎక్కడ చూసినా ఆర్చీలకు, కటౌట్లకు పిక్సెల్సే. కోరిక పెరిగిన చోట దాన్ని చెడగొట్టే విద్య కూడా పెరగాలి కదా. అందుకే ఈ చిట్కాలు. వీటిలో సగం పాటించినా తొమ్మిది రాత్రుల్లో ఎనిమిది మీవే.

అన్నిటికన్నా ముందు, తొందరపడకండి. శ్రావణమాసమంతా చందా పుస్తకాలు అచ్చు వేయించడానికి, డీజే మాట్లాడుకోవడానికి, టీషర్టుల రంగు మీద కొట్లాడుకోవడానికి ఉంది. పిక్సెల్ పొట్లాలను చవితికి ముందు రాత్రి, విగ్రహం ట్రాలీ దిగి, అందరి తిండ్లు అయినంక విప్పాలి. అమెరికాలో క్రిస్మస్‌కు ఇంటి ముందు ఇట్లాంటి లైట్లు పెట్టేవాళ్లు ఎండాకాలంలోనే బల్ల మీద దండలు పరిచి, ఒక్కొక్కదాన్ని గంటల తరబడి వెలిగించి చూసుకుంటారు. ఒహాయో రాష్ట్రం మేసన్ ఊళ్లో కార్సన్ విలియమ్స్ అనే ఇంజినీరు 2004లో తన ఇంటి లైట్లను పాటకు తగ్గట్టు ఆడించాడు. ఆ వీడియో ఊరూరా తిరిగింది, ఈ పిచ్చి అక్కడ బాగా ముదిరింది. మన దేశంలో బెంగాల్ చందన్‌నగర్ లైటింగ్ పనివాళ్లదీ అదే బాపతు, జగద్ధాత్రి పూజకు ఎంతో ముందు నుంచే పని పట్టుకుంటారు. అంత ముందే మొదలుపెడితే ఏ దండ చచ్చిందో దుకాణం తెరిచి ఉన్నప్పుడే తెలిసిపోతుంది. మార్చుకు రావడానికి రోజులు కూడా మిగులుతాయి. అందులో మజా ఏముంది?

కొనేటప్పుడు లెక్క కచ్చితంగా ఉండాలి. బోర్డుకు 1024 పిక్సెల్స్ కావాలంటే 1024 మాత్రమే. ఒక్క దండ ఎక్కువ కొన్నా చందా సొమ్ము దుబారా అయినట్టే. పొద్దుటి బస్సుకు హైదరాబాద్ జేబీఎస్‌లో దిగి కోఠి గుజరాతీ గల్లీలో సగం తీసుకోండి. మిగతా సగం ఆన్‌లైన్‌లో, ఎక్కడ రూపాయి తక్కువైతే అక్కడ. ఒక చోట 5 వోల్టులవి, ఇంకో చోట 12 వోల్టులవి వస్తే మరీ మంచిది. చూడటానికి రెండూ ఒకటే: అదే బుడిపె, అవే మూడు తీగలు. 5 వోల్టుల దండకు 12 వోల్టులు తగిలించినప్పుడు వచ్చే వాసన ముందు అగరుబత్తి ఎందుకూ పనికిరాదు.

సీరియల్ సెట్టు సిద్ధాంతం

మీ నాయినల కాలంలో వేపచెట్టుకూ గుడి గోపురానికీ వేలాడదీసిన సీరియల్ సెట్టు ఉండేది. చిన్న బుగ్గలు ఒకదాని వెనుక ఒకటి, 230 వోల్టులను తలా ఇంత పంచుకునేవి. ఒకటి పోతే అన్నీ పోయేవి. పోయినదాన్ని వెతికి పట్టి, రెండు తీగల కొసలు పళ్లతో కొరికి మెలేస్తే మిగతావి మళ్లీ వెలిగేవి. పిక్సెల్ కూడా అంతేనని గట్టిగా నమ్మండి. ఎవరేం చెప్పినా ఆ నమ్మకం సడలనివ్వకండి.

సడలిందంటే చాలా తెలుసుకోవాల్సి వస్తుంది. ప్రతి బుడిపెలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలతో పాటు ఒక చిప్పు ఉంటుందని, మన బజారులో ఎక్కువగా దొరికేది డబ్ల్యూఎస్2811 అని, కంట్రోలర్ పంపే సందేశంలో మొదటి 24 బిట్లను అది తన కోసం ఉంచుకుని మిగిలిందంతా తర్వాతి పిక్సెల్‌కు దాటిస్తుందని తెలుస్తుంది. కరెంటు అన్నిటికీ పక్కపక్కనే అందుతుంది. సందేశం మాత్రం బంతి భోజనంలో విస్తరాకుల కట్టలాగా చేతులు మారుతూ పోతుంది: ప్రతివాడూ పైదొకటి తీసుకుని కట్టను పక్కవాడికి ఇస్తాడు. నడుమ ఒకడు లేచిపోతే వాడి తర్వాత కూర్చున్నవాళ్లెవరికీ ఆకు లేదు. రంగుకు 256 మెట్లు, మూడు రంగులు కలిస్తే దాదాపు కోటీ 68 లక్షల ఛాయలు. ఒక్కో బిట్టుకు 1.25 మైక్రోసెకన్లు, ఒక్కో పిక్సెల్‌కు 30. ఆ లెక్కన వెయ్యి పిక్సెల్స్‌కు 30 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, బొమ్మ సెకనుకు ముప్పై చిల్లరసార్లు మారగలదు. అదే తీగకు రెండు వేలు గుచ్చితే సగానికి పడిపోయి బొమ్మ కుంటుతుంది. ఇదంతా తెలిసినవాడికి తప్పు ఎక్కడ జరిగిందో ఊహించడం వచ్చేస్తుంది. కాబట్టి తెలుసుకోవద్దు.

కట్ట ఒక దిక్కుకే పోతుంది గనుక దండకు మొదలు, చివర అని రెండు వేరువేరు కొసలుంటాయి. పొరపాటు జరగకుండా ఒక కొసకు మగ పిన్ను, ఇంకో కొసకు ఆడ పిన్ను పెట్టి అమ్ముతారు. ముందుగా ఆ పిన్నులను కటింగ్ ప్లయర్‌తో కోసేయండి. ఇప్పుడు ఏ కొసను ఎక్కడ కలపాలన్నది మీ ఇష్టం. చేతికందిన కొసను కంట్రోలర్‌కు మెలేయండి. తిరగబడిన దండ ఒక్క పిక్సెల్ కూడా వెలగదు. అప్పుడు దండ చచ్చిందని తీర్మానించి అవతల పారేయండి.

తీగల రంగులను నమ్మండి, మీటరును నమ్మకండి. ఎరుపు ప్లస్, సరే. మిగతా రెండింటిలో ఒకటి డేటా, ఒకటి గ్రౌండు. ఒక దండలో డేటా ఆకుపచ్చ, గ్రౌండు తెలుపు. మరోదాంట్లో గ్రౌండు నీలం. మల్టీమీటరు తీసి అర నిమిషం చూస్తే తేలిపోయే సంగతే. కానీ పది మంది ముందు మీటరు తీస్తే మనకు పని రాదనుకోరూ? జాయింట్లకు సోల్డరింగ్ వద్దు, వేళ్లతో మెలేసి సెల్లో టేపు చుట్టండి. అది మొదటి వానకే ఊడుతుంది, ఏ జాయింటు ఊడిందో వెతకడానికి రాత్రి ఎంత ఉన్నా చాలదు.

సన్నతీగ మీద మమకారం

సన్నతీగ గురించి కరీంనగర్‌కు ఒకరు చెప్పాలా? వెండిని వెంట్రుకల్లా లాగి అత్తరుదానులు, పళ్లేలు అల్లే ఫిలిగ్రీ పని ఈ ఊరిది. భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. ఆ గర్వాన్ని పిక్సెల్ బోర్డుకూ వర్తింపజేయండి.

లెక్క ఇట్లా వేయాలి. పిక్సెల్ పూర్తి తెలుపులో వెలిగితే రంగుకు 20 చొప్పున 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. వెయ్యి పిక్సెల్స్‌కు 60 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర అది 300 వాట్లు. నాలుగు సీలింగ్ ఫ్యాన్ల లోడు. గోడ ప్లగ్గు దగ్గర ఒకటిన్నర ఆంపియరుకు మించదు. సరిగ్గా ఇక్కడ లెక్క ఆపేయాలి. "నాలుగు ఫ్యాన్లకు గంత లావు వైరెందుకు? డబ్బులు ఎక్కువైనయా?" అని కమిటీ మీటింగులో గొంతు పెంచాలి. "అన్నా, 230 దిక్కు ఒకటిన్నరే, కానీ దాన్ని 5 వోల్టులకు దించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా దాటినంక అరవై ఆంపియర్లు" అని ఎవడైనా సణిగితే, వాణ్ని చాయ్ తెమ్మని పంపండి.

వాడు చాయ్ తెచ్చేలోపు వైరు కొనేయాలి: 0.75 చదరపు మిల్లీమీటర్లది, అందరి ఇళ్లల్లో ఉండేదే. ఎస్‌ఎంపీఎస్‌ను విగ్రహం వెనుక పెట్టి, అక్కడి నుంచి ముందున్న ఆర్చీ దాకా పది మీటర్లు లాగండి. పోను పది, రాను పది. ఆ ఇరవై మీటర్ల తీగకు దాదాపు అర ఓమ్ నిరోధం ఉంటుంది. 50 పిక్సెల్స్ దండ ఒక్కటి తెల్లగా వెలిగితే 3 ఆంపియర్లు, అంటే ఒకటిన్నర వోల్టు తీగలోనే ఖర్చయిపోతుంది. 5 వోల్టులు బయలుదేరితే దండ దగ్గరికి చేరేది మూడున్నర. 230 వోల్టుల దిక్కు ఒకటిన్నర వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 5 వోల్టుల్లో అది మూడో వంతుకు దగ్గర. నీలం, ఆకుపచ్చ ఎల్‌ఈడీలకు మూడు వోల్టుల చుట్టూ కావాలి, ఎరుపుకు రెండు చాలు. అందుకని ఆకలితో ముందుగా పడిపోయేవి నీలం, ఆకుపచ్చ. మొదట్లో తెల్లగా ఉన్న దండ పోనుపోను పసుపై, నారింజై, కొసకు ఎర్రబడుతుంది. ఎవరైనా అడిగితే సూర్యాస్తమయం థీమ్ అనండి.

దీనికి మందు తెలిసినవాళ్లు రెండు మాటలు చెబుతారు. 230 వోల్టుల వైరునే పొడుగ్గా లాగి ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు వెనుకే పెట్టాలట. ప్రతి 50 పిక్సెల్స్‌కు ఒకసారి లావు తీగతో కొత్తగా కరెంటు ఎక్కించాలట. ఇంకో మాట కూడా అంటారు: రాత్రిపూట 30 శాతం వెలుగే కంటికి ఎక్కువ, కంట్రోలర్‌లో తగ్గిస్తే లాగే కరెంటు కూడా మూడో వంతుకు దిగుతుందని. నూటికి నూరు వెలుగుకు డబ్బులిచ్చి ముప్పై వాడుకోవడమా? అట్లాంటివాళ్ల మాట వినకుండా, ఎస్‌ఎంపీఎస్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ మరను స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ పోండి. వోల్టేజీ పెరుగుతుంది. చివరి పిక్సెల్ తెల్లబడే లోపు మొదటి పిక్సెల్ నల్లబడుతుంది.

ఆ డబ్బా పక్కనే చాలావాటికి 115, 230 అని రాసి ఉన్న ఎర్ర మీట ఉంటుంది. 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే డప్పులు రాకముందే ఒక చప్పుడు వినిపిస్తుంది, అంతే, దాని కథ అంతటితో సరి. ఒకటికి రెండు ఎస్‌ఎంపీఎస్‌లు వాడాల్సి వస్తే వాటి ప్లస్‌లు కలపండి, మైనస్‌లు విడిగా ఉంచండి. సరైన పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. అన్నిటి మైనస్‌లు ఒకటి కాకపోతే డేటాకు తిరుగుదారి ఉండదు, ఏ పిక్సెల్‌కు ఏ రంగు పుడుతుందో దానికే తెలియదు. డీజేకు బాగా కలుస్తుంది లెండి.

ఫ్యూజుల సంగతి ఎవరైనా ఎత్తితే "5 వోల్టులు షాక్ కొడుతుందా?" అని నవ్వండి. నిజంగానే కొట్టదు. కానీ 60 ఆంపియర్లు ఇవ్వగల డబ్బా ముందు సన్నతీగ షార్టయితే ఆ తీగే ఫ్యూజు, నిప్పు రంగుకు వచ్చి మరీ తెగుతుంది. తీగ వెనుక సన్‌ప్యాక్ షీటు, షీటు వెనుక థర్మోకోల్, దాని వెనుక బట్టల పందిరి. ఏర్పాటంతా వరుసలో ఉంది.

కుడి తొండం, ఎడమ తొండం

ఇది నాకు బాగా ఇష్టమైన అధ్యాయం. ఎందుకంటే ఇందులో ఏదీ కాలదు, ఎవరికీ దెబ్బ తగలదు, అయినా పరువు పూర్తిగా పోతుంది.

బోర్డు అంటే 32 వరుసల్లో 32 చొప్పున రంధ్రాలు. జనం చూసేది ముందు నుంచి, మీరు పిక్సెల్స్ గుచ్చేది వెనుక నుంచి. వెనుక నిలబడి ఎడమ చేతి దిక్కు పై మూల నుంచి మొదలుపెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో కూడా "ఎడమ పై మూల నుంచి మొదలు" అనే ఎక్కించండి. మీ ఎడమ జనానికి కుడి అన్న సంగతి మనసులోకి రానివ్వకండి. చవితి సాయంత్రం స్విచ్చు వేయగానే ఎడమ తొండం వినాయకుడు కుడి తొండం వినాయకుడై ప్రత్యక్షమవుతాడు. కుడి తొండానికి నియమాలు ఎక్కువ, మడి ఎక్కువ, పొరపాట్లు ఒప్పుకోడని పంతులుగారు కంగారు పడతారు. "గణపతి బప్పా మోరియా" అని పరుగెత్తాల్సిన అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క టిక్కు మార్చితే సరిపోయే దానికి పిక్సెల్స్ అన్నీ పీకి మళ్లీ గుచ్చడం మొదలుపెట్టండి.

ఇంకా లోతుకు పోదలిస్తే పాము వరుస ఉంది. వైరు పొదుపు కోసం మొదటి వరుస ఇటు నుంచి అటు, రెండోది అటు నుంచి ఇటు వస్తుంది. మీరు అట్లాగే గుచ్చి, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అన్ని వరుసలూ ఒక దిక్కుకే అని చెప్పండి. వరుస విడిచి వరుస తిరగబడుతుంది. తొండం ఒక వరుసలో కుడికి, కింది వరుసలో ఎడమకు. ఏ తొండమో తేల్చలేక పంతులుగారు ఊరుకుంటారు. మొదటి సమస్య ఆ విధంగా తీరుతుంది.

రంగుల క్రమం మరో ఆయుధం. కొన్ని దండలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో వింటాయి. కొన్నింటికి ఆకుపచ్చ ముందు రావాలి. ఈ తేడా బయటపడకుండా ఉండాలంటే టెస్టింగ్ ఎప్పుడూ తెలుపుతోనే చేయాలి. తెలుపులో మూడూ సమానం గనుక క్రమం ఏదైనా తెలుపు తెలుపే. ఎరుపు ఒక్కటి, ఆకుపచ్చ ఒక్కటి, నీలం ఒక్కటి వేసి చూసే చాదస్తం మనకొద్దు. పండుగ నాడు కుంకుమబొట్టు ఆకుపచ్చగా మెరుస్తుంది. మూడున్నర వారాల తర్వాత అదే బోర్డు మీద ఎంగిలిపూల బతుకమ్మను పేరిస్తే బంతి ఆకురంగుకు తిరుగుతుంది, తంగేడు పచ్చిమామిడికాయ రంగుకు వస్తుంది. గునుగు మాత్రం తెల్లగా, నిక్షేపంగా ఉంటుంది. ఆడవాళ్లు నవ్వేది మిగతావాటిని చూసే.

కంట్రోలర్ దగ్గర చెప్పేది కొంచెమే. ఎస్‌డీ కార్డు పెట్టి నడిపే టీ-1000ఎస్ డబ్బా 2048 పిక్సెల్స్ దాకా మోస్తుంది. కంప్యూటర్‌లో ఫైలు తయారుచేసేటప్పుడు మీ చిప్పు పేరు, మీ కంట్రోలర్ పేరు కాక జాబితాలో మొదట కనిపించినవి ఎంచుకోండి. కార్డులో దాంతో పాటు డీజే పాటలు, ఎవరిదో పెళ్లి వీడియో కూడా వేయండి. ఫైలుకు రెండో కాపీ ఉండొద్దు. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉండాలి, వాడు చవితి మర్నాడే హైదరాబాద్‌లో డ్యూటీ ఎక్కాలి. ఫోన్‌తో నడిచే ఈఎస్‌పీ32 రకం కొంటే, అది పంపే డేటా 3.3 వోల్టులు, 5 వోల్టుల పిక్సెల్‌కు నమ్మకంగా వినపడాలంటే మూడున్నర ఉండాలి. ఆ తేడాను సరిచేసే చిన్న చిప్పు ఉంటుంది, దాన్ని మర్చిపోండి. ఇంట్లో టేబుల్ మీద బాగానే పనిచేసి మండపంలో మొండికేయడం దాని ప్రత్యేకత. వైఫై పాస్‌వర్డ్ మార్చకపోతే పక్క గల్లీ పిల్లలు కూడా మీ బోర్డు నడిపి సాయపడతారు.

భాద్రపదం వాన

చవితికి వాన పడని ఏడాది ఈ దిక్కున అరుదు. పిక్సెల్ బుడిపెలను లోపల రెజిన్ పోసి మూసేస్తారు గనుక వాన వాటినేం చేయదు. మన ఆశంతా జాయింట్ల మీద, ఎస్‌ఎంపీఎస్ మీద. ఆ డబ్బాకు ఒళ్లంతా రంధ్రాలు, గాలి ఆడటానికి పెట్టినవి. దాన్ని నేల మీద, ఇసుక పక్కన ఉంచండి. తడుస్తుందని ఎవరైనా భయపడితే పాలిథిన్ కవర్‌లో గట్టిగా మూట కట్టండి. తడవకుండా ఉడుకుతుంది. రేకు పెట్టెలో, నేలకు రెండడుగుల ఎత్తున, పక్కలకు గాలి తగిలేలా, పైనుంచి నీళ్లు పడకుండా పెట్టే మార్గం ఉంది కానీ అది చూడముచ్చటగా ఉండదు. ప్రసాదాల డబ్బాలు కూడా వైర్ల కట్ట మీదే పెట్టండి. ఉండ్రాళ్ల కోసం వచ్చిన ఎలుకలు తీగలను కూడా రుచి చూసి పోతాయి. వాహనం కదా, ఏమీ అనలేం.

ఈ ఒక్క పేరాలో వెటకారం పక్కన పెడుతున్నాను. స్తంభం మీది తీగకు కొండీ వేయకండి. విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ ప్రకారం అది దొంగతనం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా అవసరం కూడా రాకపోవచ్చు: 2024లోనూ 2025లోనూ రాష్ట్ర ప్రభుత్వం గణేశ్ మండపాలకు కరెంటు ఉచితంగా ఇస్తామంది, అడిగితే విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్ మనుషులే వచ్చి కలుపుతారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మండపంలో ఇనుప పైపులుంటాయి, కింద తడి నేల, చెప్పుల్లేని కాళ్లు, పిల్లలు. 230 వోల్టుల వైపు పనంతా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఎర్త్ వేయించండి, కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఒక పూట డీజే అద్దె ముందు దాని ధర లెక్కలోకి రాదు. ఊరేగింపులో లైటింగ్ ఆర్చీ ఎత్తును దారిలోని తీగల కిందికి ఉండేలా ముందే కొలుచుకోండి. కర్రతో తీగను పైకి ఎత్తి బండిని దాటించడం ఎవరు చేసినా ఆపండి.

సరే, మళ్లీ మన దారి.

రెండో రోజు రాత్రి బోర్డు సగం ఆరిపోతుంది. 417వ పిక్సెల్ దాకా వెలుగు, అక్కడి నుంచి చీకటి. ఇప్పుడు తల చల్లగా ఉంచుకుని ముందుగా కంట్రోలర్ మార్చండి. తర్వాత ఎస్‌డీ కార్డు. ఆ తర్వాత అమ్మినవాడికి ఫోన్ చేసి అరవండి. వెలుగుతున్న చివరి పిక్సెల్ ఒకటి, ఆరిపోయిన మొదటి పిక్సెల్ ఒకటి, ఈ రెండింటిలోనో వాటి నడుమ జాయింటులోనో తప్పు ఉంటుందన్నది పసిపిల్లలకూ అందే లెక్కే. కట్ట ఆగింది అక్కడే కదా. ఆ రెండు బుడిపెలు కోసి, పక్కన ఉంచుకున్న దండలోంచి రెండు తీసి అతికిస్తే పది నిమిషాల పని. కానీ మీరు పక్కన దండ ఉంచుకోలేదు. చెప్పినట్టు చేసినందుకు అభినందనలు. కరెంటు ఆపకుండానే తీగలు పీకుతూ, పెడుతూ ఉంటే బాగున్న పిక్సెల్స్ కూడా పోవచ్చు, ప్రయత్నించండి.

నిమజ్జనం రాత్రికి మానకొండూరు చెరువుకో, కొత్తపల్లికో, అటు ఆదిలాబాద్ వాళ్లయితే పెన్‌గంగకో బండి కదిలే ముందు లైట్లు విప్పాలి. విప్పడమంటే ప్లయర్‌తో తెగ్గోసి గోనెసంచిలో కుక్కడం. ఏ దండ ఎక్కడిదో నంబరు వేసిన చీటీ అంటించొద్దు. తడి తుడవొద్దు. భైంసా అవతల, మహారాష్ట్ర సరిహద్దు దాటగానే ఉన్న పాలజ్‌లో 1948లో నిర్మల్ కళాకారుడు చెక్కిన కర్ర గణపతి ఉన్నాడు. ఊరివాళ్లు ఆయన్ని నీళ్లలో కలపకుండా పండుగ కాగానే జాగ్రత్తగా లోపల పెట్టి, మళ్లీ చవితికి బయటికి తెస్తారు. అంత ఓపిక ఉంటే మన లైట్లు కూడా అయిదారేళ్లు వస్తాయి. కానీ ఏటా కొత్తవి కొనకపోతే చందా ఎందుకు వసూలు చేసినట్టు?

ఆఖరుకు లెక్కల మీటింగు. పిక్సెల్స్, బోర్డు, డీజే, పూలు, టీషర్టులు: వీటికి విడివిడిగా పద్దులు రాయండి, అవి అందరికీ కనిపించినవే. లావు వైరు, ఫ్యూజులు, ఆర్‌సీసీబీ, రేకు పెట్టె ఎవరికీ కనిపించేవి కావు, మీరు కొననూ లేదు. ఆ నాలుగు గీతలు ఖాళీగా ఉంటాయి. "లైటింగ్ రిపేర్లు" అని పెట్టి వాటి కింద మొత్తం ఒక్కటే వేయండి. ఏం రిపేరు, ఎన్నిసార్లు అని చాయ్ తెచ్చిన పిల్లగాడు మళ్లీ లేస్తాడు. వచ్చే ఏడాది లైటింగ్ వాడికి అప్పజెబుతారేమో అన్న భయం ఉంటే, ఇప్పుడే వాణ్ని ప్రసాదాల కమిటీకి మార్చేయండి.